ఆ ఫోన్‌లో నేను పెట్టిన యాప్

రెండు వేల ఇరవై మూడు, ఎండాకాలం. శృంగవరపుకోటలో అరకు వెళ్ళే రోడ్డు మీద నా సెల్‌ఫోన్ రిపేరు షాపు. పదడుగుల గది. ఒక బల్ల, దాని మీద మైక్రోస్కోపు, వేడిగాలి ఊది బోర్డు మీది చిప్పులను ఊడదీసే హాట్ ఎయిర్ గన్, గోడకు వరసగా తగిలించిన ఛార్జింగ్ కేబుళ్ళు. నా పేరు పైడితల్లి. విజయనగరంలో ఆడవాళ్ళ కోసం పెట్టిన మూడు నెలల కోర్సులో ఈ పని నేర్చుకున్నాను. షాపు తెరిచి అప్పటికి ఆరేళ్ళు.

ఆడమనిషి ఫోన్లు బాగుచేస్తుందంటే మొదట్లో నవ్వారు. తర్వాత ఆ నవ్విన వాళ్ళే తమ ఇళ్ళలో ఆడవాళ్ళను నా దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. ఫోన్‌లో ఇంట్లో వాళ్ళ ఫొటోలుంటాయి, మాటలుంటాయి. ముక్కూ మొహం తెలియని కుర్రాడి చేతిలో పెట్టి, ‘సాయంత్రం రండి’ అంటే వదిలేసి వెళ్ళాలంటే భయం. నా దగ్గర ఆ భయం లేదు. నా పనితనం కన్నా ఆ నమ్మకమే నా షాపును నడిపింది.

ఆ నమ్మకాన్ని నేను నా చేతులతోనే ఎలా పాడుచేశానో ఇప్పుడు చెప్తాను. ఇది చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. సగం మంట ఆ మగమనిషి మీద, సగం నా మీద.

ఆ ఏడాది మొదట్లో ఒకాయన వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, నుదుటిన కుంకుమ బొట్టు. ఒక ఎరువుల దుకాణంలో గుమస్తానని చెప్పాడు, పేరు సన్యాసిరావు అన్నాడు. చేతిలో రెండు ఫోన్లున్నాయి.

“మేడమ్, ఇది మా ఆవిడ ఫోను. ఆశా పని సేస్తాది. కొండకింద ఊళ్ళన్నీ ఒక్కత్తీ తిరుగుతాది. ఎక్కడున్నాదో తెల్దు, ఫోన్ సేస్తే సిగ్నలుండదు. నాకిక్కడ గుండె దడ. అది ఎక్కడున్నాదో నా ఫోన్లో సూసుకునేలాగ ఏటైనా ఉన్నాదేటి?”

ఉంది. పిల్లల ఫోన్లలో తల్లిదండ్రులు పెట్టుకోవడానికి అని చెప్పి అమ్మే యాప్‌లు చాలా ఉన్నాయి. కుటుంబ భద్రత అని పైన అందంగా రాస్తారు. ఒక ఫోన్‌లో దాన్ని పెడితే, ఆ ఫోన్ ఎక్కడుందో, ఎవరితో ఎంతసేపు మాట్లాడిందో, ఏ మెసేజ్ వచ్చిందో రెండో ఫోన్‌లో కనపడుతుంది. కొన్నిటిలో చుట్టుపక్కల మాటలు కూడా వినపడతాయి.

“మా పాప కూడా దీన్లో ఏయేవో నొక్కేస్తాది. యాప్ కనిపిస్తే తీసి పారేస్తాది. కనిపించకుండా పెట్టీయగలరా?” అన్నాడు.

ఫోన్ పిన్ నంబరు ఆయనకు తెలుసు. ఆయనే నొక్కి తెరిచి ఇచ్చాడు. నేను యాప్ పెట్టాను. తెర మీద దాని బొమ్మ కనపడకుండా దాచేశాను. దాచాక దానికి ఒక మారుపేరు ఎంచుకోమని ఆ యాప్ నాలుగు పేర్లు చూపించింది. అందులోంచి ‘సిస్టమ్ సర్వీస్’ అనేది ఎంచుకున్నాను. ఎవరైనా చూసినా, అది ఫోన్‌తో పాటు వచ్చిన సామానే అనుకుంటారు. ఫోన్ అడిగిన ప్రతి పర్మిషన్‌కూ ‘అలౌ’ అని నొక్కాను. పర్మిషన్ అంటే ఆ యాప్ మన కెమెరానో, మైకునో, మెసేజ్‌లనో ముట్టుకోవడానికి మనం ఇచ్చే ఒప్పుదల. మనం ఇచ్చే ఒప్పుదల! ఆ ఫోన్ గల మనిషి అక్కడ లేనే లేదు. ఆమె తరఫున నేను ఒప్పుకున్నాను, పదకొండుసార్లో పన్నెండుసార్లో.

పైగా ఆయనతో ఒక మాటన్నాను. “భార్య గురించి ఇంత కంగారుపడే మనిషిని సూడ్డం ఇదే మొదటిసారి, మేస్టారూ,” అని. ఆయన చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

నాలుగు నెలల తర్వాత, మే నెలలో, ఒకరోజు పదకొండు గంటల వేళ యూనిఫాం చీరలో ఒకామె వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. చెమటతో జాకెట్టు వీపుకు అంటుకుపోయి ఉంది. భుజాన పెద్ద సంచి, అందులోంచి తొంగిచూస్తున్న రిజిస్టరు. బల్ల ముందు నిలబడే ఫోన్ తీసి ఇచ్చింది.

“అప్పా, ఈ ఫోన్‌కేటో అయిపోనాది,” అంది. మా వైపు అక్కను అప్ప అంటారు. “పొద్దున్న నిండా ఛార్జింగ్ ఎట్టుకుని బయల్దేర్తాను. పన్నెండయ్యేసరికి సచ్చిపోతంది. సేత్తో పట్టుకుంటే కాలిపోతన్నాది. బేటరీ మార్సీయ్.”

“మార్చేముందు ఓసారి సూడనీ. కూర్చో.”

ఆమె కూర్చోలేదు. “నెలలు నిండిన ఆడోళ్ళు నాకే ఫోన్ సేస్తారప్పా. కిందటి వారం ఒక పిల్లకి మజ్జాన్నం నొప్పులొచ్చీసినాయి. ఆళ్ళు సేస్తే నా ఫోన్ ఆగిపోయున్నాది. ఆటోలో పడీసుకుని తీసుకెళ్ళిపోనారు. దారిలోనే కాన్పయిపోనాది. తల్లీ పిల్లా బాగున్నారు గాబట్టి నాను బతికినాను. ఏటన్నా అయ్యుంటే నాను ఆ ఊరు మళ్ళీ ఎల్లగలనా?”

ఆమె పేరు గౌరి. ఫోన్ తీసుకున్నాను. ముందు చేసిన పని అలవాటుగా చేసేదే. బ్యాటరీ తొందరగా అయిపోతోందంటే అందరూ బ్యాటరీ మార్చమంటారు. మార్చేముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బ్యాటరీ యూసేజ్ అనే చోట చూడాలి. ఏ యాప్ ఎంత ఛార్జింగ్ తాగిందో అక్కడ వరసగా ఉంటుంది. ఇది ఎవరికి వాళ్ళు ఇంట్లో చూసుకోవచ్చు, షాపుకు రానక్కర్లేదు. సినిమాలు చూసే యాపో, ఆట యాపో పైన ఉంటే ఆశ్చర్యం లేదు. ఎప్పుడూ తెరవని పేరేదో పైన ఉంటే మాత్రం అనుమానించాలి.

గౌరి ఫోన్‌లో అన్నిటికన్నా పైన ‘సిస్టమ్ సర్వీస్’ అని ఉంది. బూడిదరంగు పళ్ళచక్రం బొమ్మ.

దాన్ని నొక్కాను. మైకు, కెమెరా, లొకేషన్, మెసేజ్‌లు, కాల్స్ అన్నిటికీ పర్మిషన్లున్నాయి. ఫోన్ అసలు వ్యవస్థలో ఇంత మామూలు బొమ్మతో, ఇన్ని పర్మిషన్లు అడిగి తీసుకున్న సామాను ఏదీ ఉండదు. నాకు అంత ఆలోచన కూడా అక్కర్లేకపోయింది. ఆ పేరు చూడగానే ఇస్త్రీ చొక్కా గుర్తొచ్చింది.

అంతలో నా చేతిలోనే ఆ ఫోన్ మోగింది. తెర మీద ‘పాప నాన్న’ అని ఉంది. గౌరి తీసుకుంది. అవతలి గొంతు నాకూ వినపడుతోంది.

“కోటలో ఏటి సేస్తన్నావు? సెల్ షాపు కాడ ఏటి పని నీకు?”

“బేటరీ కోసం వచ్చాను. ఆగిపోతంది కదా.”

“ఆడకెందుకెల్నావు? నాను సూపిస్తాను కదా. లోపలేటీ ముట్టుకోనీకు. తీసుకుని ఎల్లిపో.”

ఫోన్ పెట్టేశాక గౌరి నా వైపు తిరిగింది. “సూసినావా అప్పా? నానిక్కడికొచ్చి పావుగంట కాలేదు. ఎవులో సెప్పీసినారు. ఎక్కడికెల్నా ఇంతే. ఊరంతా కళ్ళే ఆయనకి.”

ఆ మైకులో అప్పుడు ఎవరైనా వింటున్నారో లేదో నాకు తెలియదు. వింటున్నారనే అనుకున్నాను. గట్టిగా, “ఇది ఛార్జింగ్‌లో పెడితే గానీ తెలీదు. అరగంట పడతాది, వచ్చి టీ తాగుదువు గాని,” అన్నాను. ఫోన్‌ను బల్లమీద వదిలి, పక్కనున్న రేడియో పాటలు పెంచి, ఆమె చెయ్యి పట్టుకుని పక్క కుట్టుషాపులోకి తీసుకెళ్ళాను. ఆ షాపామె నా మొహం చూసి ఏమీ అడగకుండా బయటికి వెళ్ళి కూర్చుంది.

“గౌరీ, నీ మీద ఎవరూ చాడీలు చెప్పట్లేదు. నీ ఫోనే చెప్తోంది,” అన్నాను. ఆ యాప్ ఏమిటో, ఏమేం పంపుతుందో విడమరిచి చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తర్వాత అడిగిన మాట నేను ఊహించనిది.

“అయితే మా అప్ప కాదా?”

అప్పుడు బయటికొచ్చింది. గౌరికి ఒక్కతే అక్క, రాములమ్మ, కొత్తవలస దగ్గర ఉంటుంది. చిన్నప్పట్నుంచీ ఏ కష్టమొచ్చినా గౌరి చెప్పుకునేది ఆమెకే. నాలుగు నెలలుగా అక్కతో ఫోన్‌లో చెప్పుకున్న ప్రతి మాటా మొగుడి నోటి నుంచి తిరిగి వినపడేది. ‘నా గురించి మీ అప్పతో ఏటన్నావో నాకు తెలుసు’ అని. ఎలా తెలిసిందంటే, ‘మీ అప్పే సెప్పింది, ఆవిడకి నా మీద నమ్మకం, నీ మీద లేదు’ అనేవాడట.

“నమ్మీసినాను అప్పా. దానికి ఫోన్ సేసి నానా మాటలూ అన్నాను. అది ఒట్టేసుకున్నాది, నాను సెప్పలేదే అని. నాను ఇన్లేదు. దాని కూతురు పెద్దమనిషయితే కూడా ఎల్లలేదు. తర్వాత ఎవుల్తోటీ మాటల్లేవు. నాతో పనిసేసే పిల్లల్తో కూడా. ఎవులు సెప్తన్నారో ఎలా తెలుస్తాది?”

“చెయ్యి చేసుకున్నాడా?”

“రెండుసార్లు. మీటింగ్ కాడ ఆలస్యమయిన్రోజు ఒకసారి.” రెండోసారి ఎందుకో చెప్పలేదు.

ఈ యాప్‌లు అమ్మేవాళ్ళు భద్రత అని రాసుకుంటారు కదా. ఎవరి భద్రత? ఒక మనిషి ఎక్కడుందో తెలుసుకోవడంతో ఆయన ఆగలేదు. విన్న మాటలతో ఆమె చుట్టూ ఉన్న ఒక్కొక్క మనిషినీ తీసేశాడు. దెబ్బలు తింటే చెప్పుకోవడానికి కూడా ఎవరూ మిగలకుండా చేశాడు. ఆ ఫోన్‌లో గర్భిణుల పేర్లున్నాయి, వాళ్ళు నమ్మి చెప్పుకున్న జబ్బులున్నాయి. అవి కూడా ఎరువుల దుకాణంలో కూర్చుని చదివాడన్నమాట.

అప్పుడామె అడిగింది. “ఎవులు పెట్టుంటారు? ఈయనకి ఇంత తెలివి లేదు.”

అబద్ధం చెప్పొచ్చు. తెలియదనొచ్చు. ఒక్క క్షణం ఆ ఆలోచన రాకపోలేదు.

“నేనే.”

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. సంక్రాంతి వెళ్ళాక మీ ఆయన వచ్చాడని, నువ్వు ఒంటరిగా తిరుగుతావు, భయంగా ఉంది అన్నాడని, నేను నమ్మానని.

“నమ్మీసినావా?” అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. “ఫోన్ నాదని సెప్పినాడు కదా నీకు?”

“చెప్పాడు.”

“మరి నన్నడగాల కదా. నా నంబరు అందులోనే ఉన్నాది కదా. ఒక్క ఫోన్ సేసి, గౌరీ, ఇలాగ పెడతన్నాను, సరేనా అనడగలేకపోనావా?” కొంచెం ఆగి, “మొగోళ్ళ షాపుకెల్తే ఏటి సూస్తారో అని భయపడి నీకాడికొచ్చాను. నీకాడికి!” అంది.

క్షమించమనడం కూడా ఆ క్షణంలో ఆమె మీద ఇంకో బరువు పెట్టడంలా అనిపించి, నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత ఆమె అన్న మొదటి మాట, “తీసెయ్, ఇప్పుడే తీసెయ్.” నేను ఆపాను. ఇది చదివేవాళ్ళకు కూడా ఇదే చెప్తున్నాను: ఇలాంటిది దొరకగానే ఆవేశంలో తీసెయ్యకండి. తీసిన క్షణం నుంచి అవతలి ఫోన్‌లో కనపడడం ఆగిపోతుంది. తెలిసిపోయిందని ఆ మనిషికి అర్థమైపోతుంది. గౌరి ఆ సాయంత్రం అదే ఇంటికి వెళ్ళాలి, ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళ కూతురుంది. ముందు ఎక్కడికి వెళ్తామో, ఎవరు తోడుంటారో చూసుకోవాలి. ఆ మాటలు ఆ ఫోన్‌లో కాకుండా వేరే ఫోన్‌లో మాట్లాడుకోవాలి. తీసేది ఆ తర్వాత.

నా ఫోన్ ఇచ్చాను. అక్క నంబరు ఆమెకు నోటికి వచ్చు. అటునుంచి ‘ఎవులు?’ అన్న గొంతు వినపడింది. రెండోసారి ‘ఎవులమ్మా?’ అన్నాక, “అప్పా, నానే,” అంది. అంతే, అప్పటిదాకా ఆపుకున్నదంతా వచ్చేసింది. నేను బయటికొచ్చి కుట్టుషాపామె పక్కన మెట్టుమీద కూర్చున్నాను.

ఆ ఫోన్‌ను ఏమీ ముట్టుకోకుండా అలాగే తిరిగి ఇచ్చి పంపాను. నా వృత్తిలో అంత కష్టమైన పని ఇంకొకటి చెయ్యలేదు. అందులో ఏముందో తెలిసి, పెట్టింది నేనే అయ్యుండి, ఆమె సంచిలో వేసుకుని బస్సెక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను. రెండు రోజులు గౌరి ఏమీ తెలియనట్టు ఆ ఇంట్లోనే ఉంది. బడి సెలవులు కాబట్టి పెద్దమ్మ ఇంటికి అని చెప్పి ముందు కూతురిని పంపింది. మూడో రోజు పొద్దున్న అక్కాచెల్లెళ్ళిద్దరూ షాపుకొచ్చారు. రాములమ్మ నన్ను పలకరించలేదు. స్టూలు మీద కూర్చుని, “కానియ్,” అంది.

ముందు సాక్ష్యం. ఆ యాప్ పేరు, దాని పర్మిషన్లు, అది ఎప్పుడు పెట్టిందీ చూపించే పేజీ, ఒక్కొక్కటీ తెర మీదకు తెచ్చి రాములమ్మ ఫోన్‌తో ఫొటోలు తీయించాను. తీసేశాక చూపించడానికి ఏమీ మిగలదు కదా.

తర్వాత సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అనే చోటుకు వెళ్ళాను. ఫోన్ మీద పెత్తనం ఇచ్చిన యాప్‌లు అక్కడుంటాయి. పెత్తనం తీసెయ్యకుండా అలాంటి యాప్‌ను పీకబోతే అది ఊడిరాదు. పక్కనే యాక్సెసిబిలిటీ అని ఉంటుంది. కళ్ళు కనపడని వాళ్ళకు తెర మీది రాతను చదివి వినిపించడం కోసం పెట్టిన మంచి సౌకర్యం అది. ఈ దొంగ యాప్‌లు దాన్ని కూడా పట్టుకుని, మనం టైపు చేసేదంతా చదువుతాయి. రెండు చోట్లా దాన్ని ఆపి, యాప్‌ను పీకేశాను.

అక్కడితో అయిపోలేదు. వేలిముద్రల పేజీ తెరిస్తే రెండు వేళ్ళున్నాయి. గౌరి పెట్టుకుంది ఒకటే, రెండోది తీసేశాను. మెసేజ్‌ల యాప్‌లో లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది. మన మెసేజ్‌లు ఇంకే ఫోన్‌లో, ఏ కంప్యూటర్‌లో తెరిచి ఉన్నాయో అక్కడ తెలుస్తుంది. గౌరి జన్మలో ముట్టుకోని కంప్యూటర్ ఒకటి అందులో ఉంది. దుకాణంలోది అయ్యుంటుంది. దాన్ని లాగౌట్ చేశాను. ఈమెయిల్ పాస్‌వర్డ్‌ను రాములమ్మ ఫోన్ నుంచి మార్పించాను. పిన్ నంబరు మార్చేటప్పుడు నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఫొటోలు, ఫోన్ నంబర్లు మాత్రం ఒక మెమరీ కార్డులోకి ఎక్కించి, చివరగా ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను. అంటే ఫోన్ కొన్నరోజు ఎలా ఉందో అలా అయిపోతుంది. పాత యాప్‌లన్నిటినీ బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకుంటే దొంగ కూడా తిరిగి రావచ్చు. అందుకే కావలసినవి ఒక్కొక్కటే మళ్ళీ పెట్టాం. ప్రతి పర్మిషన్ దగ్గరా ఆగి, ఇది ఎందుకు అడుగుతోందో చెప్పి, ఫోన్ గౌరి చేతికిచ్చాను. ‘అలౌ’ నొక్కాలో వద్దో ఆమే నొక్కింది.

ఆ మధ్యాహ్నమే సన్యాసిరావు వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా. మొదట నవ్వుతూనే మాట్లాడాడు.

“మేడమ్, మీరు పెట్టిన యాపు పనిసెయ్యట్లేదు. పొద్దున్నించీ ఏటీ కనపడ్డం లేదు.”

“తీసేశాను.”

నవ్వు పోయింది. “ఎవులడిగి తీసినారు?”

“ఫోన్ ఎవరిదో ఆవిడే అడిగింది.”

“ఫోన్ నాను కొన్నాను. నా డబ్బులు. పెళ్ళాం నాది. మధ్యన మీరెవులు?”

“పాప నొక్కేస్తాది, దాచమన్నావు. కొండల్లో ఒంటరిగా తిరుగుతాది, గుండె దడ అన్నావు. వాళ్ళక్క మీద అబద్ధాలు ఆడ్డానికా నీ గుండె దడ? ఒక పిల్ల ఆటోలో కనింది, నువ్వు పెట్టించిన దరిద్రం ఛార్జింగ్ మొత్తం తాగేస్తే!”

“పెట్టించింది నానైతే పెట్టింది నువ్వు కాదేటి?” అన్నాడు. మేడమ్ పోయింది, మీరు పోయింది. “నన్ను తిట్టడానికి నీకేటి మొగముంది?”

ఆ మాట నిజం. నిజం కాబట్టే నాకు ఇంకా కోపం వచ్చింది. లేచి బల్ల ఇవతలికి వచ్చాను. “అవును, నేనే పెట్టాను. ఎక్కడ కావాలంటే అక్కడ చెప్తాను. నువ్వు కూడా చెప్తావా, ఎందుకు పెట్టించావో? పద, రోడ్డు మీద చెప్పుకుందాం ఇద్దరం.”

కుట్టుషాపామె, ఎదురు టీ కొట్టాయన, ఇద్దరు ఆటోవాళ్ళు గుమ్మం దగ్గరికొచ్చారు. సన్యాసిరావు వాళ్ళ వైపు చూశాడు. నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. “నీ షాపు ఎలా నడుస్తాదో సూస్తాను,” అని బండెక్కి పోయాడు.

చూశాడు కూడా. నేను కాపురాలు కూలుస్తానని బజారంతా చెప్పాడు. రెండు నెలలు మనుషులు తగ్గారు. వచ్చినవాళ్ళలో కూడా ఒక పెద్దమనిషి, తన ఫోన్ గ్లాసు మారుస్తుంటే, నాకు నీతి చెప్పాడు: “తప్పు సెయ్యనప్పుడు ఆవిడకి భయమెందుకమ్మా? సూస్తే సూడనీ.” ఆయన ఫోన్ తెరిచే ఉంది, నా చేతిలోనే ఉంది. “సరే బాబూ, మీ మెసేజ్‌లు ఇక్కడ గట్టిగా చదవనా?” అన్నాను. ఫోన్ లాక్కుని, గ్లాసు సగంలో ఉండగానే వెళ్ళిపోయాడు. పోతే పోయాడు.

గౌరి పోలీసు స్టేషన్‌కు వెళ్ళింది. మొగుడూ పెళ్ళాల గొడవ, ఇంట్లో తేల్చుకోండి అన్నారట మొదట. రాములమ్మ ఫొటోలు బల్లమీద పెట్టి, రాసుకునేదాకా కదలనందట. చివరికి ఒక మహిళా ఉద్యోగి కూర్చుని రాసుకుంది. నన్ను పిలిపించారు. వెళ్ళాను. ఆ యాప్ పెట్టింది నేనేనని, ఫోన్ గల మనిషిని అడగకుండా పెట్టానని, ఎవరు పెట్టమన్నారో, ఏమని చెప్పి పెట్టించారో రాసి, సంతకం చేశాను. “ఇలా రాస్తే మీకూ ఇబ్బందే, తెలుసా?” అందామె. తెలుసన్నాను. గౌరి అదే గదిలో గోడవైపు కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు.

సన్యాసిరావును పిలిపించి గట్టిగా మాట్లాడారని, కాగితం రాయించుకున్నారని తర్వాత తెలిసింది. నన్ను మాత్రం ఇంకోసారి ఇలాంటి పని చేస్తే ఊరుకునేది లేదని చెప్పి పంపారు. గౌరి కూతురిని తీసుకుని అక్క ఇంటి పక్కనే ఒక గది తీసుకుంది. పని వదల్లేదు. రోజూ బస్సులో వచ్చి అవే ఊళ్ళు తిరుగుతోంది. ఇంతకన్నా నాకు తెలియదు. అడిగే హక్కు కూడా నాకు లేదు.

అప్పటినుంచి నా షాపులో పద్ధతి మారింది. ఫోన్ ఎవరిదో వాళ్ళు రావాలి. వాళ్ళ వేలితో వాళ్ళే తెరవాలి. భార్య ఫోన్ భర్త తెచ్చినా, భర్త ఫోన్ భార్య తెచ్చినా, కాలేజీ పిల్ల ఫోన్ తండ్రి తెచ్చినా అదే మాట. పగిలిన గ్లాసు మారుస్తాను, లోపలికి మాత్రం వెళ్ళను. కొందరికి ఒళ్ళు మండుతుంది. మండనీ.

ఆ ఏడాది కార్తీకమాసంలో గౌరి వచ్చింది. వెనక యూనిఫాం చీరల్లో ఇంకో ముగ్గురు. మూడు ఫోన్లు వరసగా నా బల్లమీద పెట్టించింది.

“ఈళ్ళవి సూడు,” అంది.

“కూర్చో గౌరీ. టీ చెప్తాను.”

“వద్దు. నువ్వు సేసింది నాను మర్సిపోలేదు. ఈ పని నీకు తెలుసు గాబట్టి తీసుకొచ్చాను.” నిలబడే ఉంది. నా చేతులు ఎక్కడ నొక్కుతున్నాయో కళ్ళు ఆర్పకుండా చూస్తూ ఉంది.

మొదటి ఫోన్‌లో ఏమీ లేదు. రెండో దాంట్లోనూ లేదు. మూడో ఫోన్‌లో ఉంది. వేరే పేరు, వేరే బొమ్మ, పని అదే. పెట్టింది నేను కాదు. ఆ మాట పైకి అనబోయి ఆగిపోయాను. నేను కాకపోతే నాలాంటిదో, నాలాంటివాడో ఇంకొకరు. ఎవరికో చేతులు జోడించే మనిషి కనపడి ఉంటాడు, మంచి మొగుడని మురిసిపోయి ఉంటారు.

ఆ ఫోన్ గల పిల్లకు ఇరవై రెండేళ్ళుంటాయి. మిగతా అందరినీ బయటికి వెళ్ళమన్నాను. గౌరిని కూడా. ఫోన్‌ను పక్క షాపులో పెట్టి వచ్చి, ఆ పిల్ల ఎదురుగా కూర్చుని, అందులో ఏముందో నెమ్మదిగా చెప్పాను. తీస్తే ఏమవుతుందో, తీయకపోతే ఏమవుతుందో చెప్పాను. అన్నీ చెప్పాక, ఆ ఏడాది మొదట్లో ఇస్త్రీ చొక్కా ఆయన నా ఎదుట నిలబడ్డప్పుడు గౌరిని అడగాల్సి ఉండీ అడగని మాటను ఈ పిల్లను అడిగాను.

“ఫోన్ నీది. ఏం చెయ్యమంటావు?”

“ఇప్పుడే తియ్యొద్దప్పా. ముందు నీ ఫోన్ ఓసారి ఇయ్యి,” అంది ఆ పిల్ల. ఇచ్చాను.